వినోదక్క పట్టు రుమాళ్లు

ముందుగాలనే చెప్తున్న, మా వినోదక్కకు పిచ్చి లేదు. సూరత్ పక్కపొంటి జోల్వాల మా లైన్ల ఉండే ఆడోళ్ళందరు ఉన్నదనే అంటరు. నేను సుత మస్తుసార్లు అన్న. గని నేనంటే ఏరు, వాళ్ళంటే ఏరు. నేనామెకు యారాలిని. ఆమె మొగడు రాజమల్లు బావ, నా మొగడు సురేశ్ ఒక్క తల్లి పిల్లలు. మా రెండిండ్లకు నడుమ ఒక్కటే గోడ. ఆమె పోపేస్తె నాకు తుమ్మొస్తది. గంత దగ్గరున్నదాన్ని, తిట్టే హక్కు నాకుంటది.

ఇగ ఆమె చేసే ఘనకార్యమేందంటే, ఇంట్ల ఉన్న స్టీలు గిన్నెలిచ్చి పాత పట్టు రుమాళ్లు తెచ్చుకునుడు. లోకమంతా పాత బట్టలిచ్చి గిన్నెలు తీసుకుంటది. సూరత్‌ల గంప నెత్తిన పెట్టుకొని గల్లీ గల్లీ తిరిగే ఆడోళ్ళు గందుకే ఉన్నరు. మా దిక్కు వచ్చే ముసలామెను మేము గిన్నెల బెన్ అంటం, బెన్ అంటే ఈడ అక్క అన్నట్టు. ఆమె వేసు, పీప్లోద్ దిక్కు పెద్ద పెద్ద బిల్డింగులల్ల తిరిగి పాత బట్టలు జమచేసుకుంటది. ఆమె మూటల చీరలు, ప్యాంట్ల నడుమ ఎప్పుడన్న ఒక రుమాలు దొరుకుతది. సేఠానీలు ఫారిన్ పోయినప్పుడు కొనుక్కొని, మెడకు చుట్టుకొని, మోజు తీరినంక పడేసినవి. స్కార్ఫ్ అంటరు వాటిని. అసలు పట్టు.

మా అక్క ఆ మూటకాడ కూసుంటె ఇగ లేవది. ఒకపాలి చారు గిన్నె పోయింది. ఇంకోపాలి అటుకుల డబ్బ పోయింది. నా పెండ్లికి మా అవ్వ పెట్టిన తాంబాళం మీద కన్నేసింది చూడు, అప్పుడు లేచిన నేను. "అక్కా, నీ ఇల్లు నువ్వు గుల్ల చేసుకో, నా ఇంటి మీద పడకు" అన్న. నవ్వింది. ఆమె నవ్వితె మల్ల తిట్టబుద్ధి కాదు, గదే ఆమెతోని వచ్చిన తంట. రాజమల్లు బావ అయితె అన్నం ముంగట కూసొని, "పప్పు దేంట్ల వండినవే ఇయ్యాల, లోటలనా?" అని అడుగుతడు. గంతకు మించి ఒక్క మాట అనడు.

రుమాలు తీసుకునే ముంగట ఆమె ఒక పని తప్పకుంట చేస్తది. అంచుకెళ్ళి సన్నగ ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటిస్తది. గిది మరమగ్గాల మీద బతికే మా సాంచలోళ్ళందరికి ఎరుకే. పాలిస్టర్ పోగైతె కరిగి నల్లటి పూస అయితది. పట్టు పోగైతె వెంట్రుక కాలిన కంపు కొడుతది, నలిపితె బూడిద అయితది. ఎవలన్న పూల వాసనకు కండ్లు మూసుకుంటరు. మా అక్క వెంట్రుకలు కాలిన కంపుకు కండ్లు మూసుకుంటది. "అసలుది ప్రమీలా, అసలుది!" అని నా చేయి పట్టుకొని ఊపుతది. ఓయమ్మో, ఆ మొఖం చూడాలె అప్పుడు.

తెచ్చినంక చన్నీళ్ళల్ల తడిపి, నీడకు ఆరేసి, ఇంకా జర పచ్చిగున్నప్పుడే ఇస్త్రీ చేస్తది. ఇగ చేతుల ముచ్చట. మేమిద్దరం ఇంటికాడ చీరలకు రాళ్ళు అంటించే పని చేస్తం. జిగురు అంటి అంటి ఏళ్ళ కొసలు గరుకు తేలి ఉంటయి. గా చేతులతోని పట్టు ముట్టుకుంటె పోగు తట్టుకుంటది. గందుకని ఆమె చారెడు చక్కెర, నిమ్మకాయ చెక్క తీసుకొని అరచేతులు రుద్దుకుంటది. "చాయల ఏసుకోనీకి చక్కెర లేదు గని చేతులకు సోకు చేస్తున్నవా?" అని నేను ఒర్లుతనే ఉంట, ఆమె రుద్దుకుంటనే ఉంటది.

ఒక్కొక్కదానికి ఒక పేరు. తాళంచెవులది, పిట్టలది, గుర్రం కళ్ళాలది. తాళంచెవులది చిక్కటి ఆకుపచ్చ, మీదంతా బంగారు రంగు చెవులు అచ్చేసి ఉంటయి. పిట్టలది ద్రాక్షపండు రంగు. ఎండకు పడితె ఒక రంగు, నీడకు పడితె ఇంకో రంగు. అంచులైతె చేతితోని సన్నగ చుట్టి, కంటికి కనబడని కుట్లేసి ఉంటరు. మా దిక్కు అంచంటే మిషిన్ మీద పీకో కొట్టుడే. మా అక్క ఆ చుట్టిన అంచు మీద ఏలు పెట్టి మెల్లగ మూలకెళ్ళి మూలకు జరుపుకుంట, "గీ అంచు కుట్టిన ఆడిమనిషి ఏం తిన్నదో గా దినం, గింత ఓపిక ఏడికెళ్ళి వచ్చిందో" అంటది. గసొంటి ఆలోచనలు నాకెన్నడు రావు.

పెట్టెల పెట్టి పూజ చేసే మనిషి కాదు. కట్టుకుంటది. స్కూటీ మీద పోయే ఆడోళ్ళందరు సూరత్‌ల మొఖానికి దుపట్టా చుట్టుకుంటరు గదా, దుమ్ముకు. అందరియి పాలిస్టర్‌వి, మా అక్కది మాత్రం గుర్రం కళ్ళాలది. ఐతారం తానం చేసి నేత చీర కట్టుకొని, మెడకు పిట్టలది ఒక్క ముడి ఏసుకొని, గడపల కూసొని చాయ తాగుతది. ఏడికి పోయేది లేదు, ఎవలు వచ్చేది లేదు. ఊకనే. ఒకేడు బతుకమ్మ ఆడనీకి తాళంచెవులది ఏసుకొని వస్తె, లింబాయత్‌కెళ్ళి వచ్చిన మనోళ్ళు ఒకటే నవ్వుడు. "ఏ పార్టీల చేరినవ్ వినోదక్కా, సర్పంచ్‌కు నిలబడుతవా?" అని. ఈమె సుత తక్కువ తినలేదు. "నిలబడుత. మీరంతా ఓట్లేస్తె మీకు సుత తలా ఒక కండువ కప్పుత" అన్నది.

నన్నడిగితే, నేను సుత ఒకపాలి కట్టుకున్న. చెప్పొద్దనుకున్న గని చెప్తున్న. చలికాలం, కడోదరకు పొద్దుగాల స్కూటీ మీద పోతున్నం. చెవులు గడ్డకడుతున్నయి. అక్క బండి ఆపి, తన మెడకెళ్ళి పిట్టలది తీసి నా నెత్తి చుట్టు కట్టింది. ముందు సల్లగ తాకింది. ఊపిరి తీసి ఊపిరి ఇడిసేలోపట ఎచ్చగయింది. చెంపకు ఏదో పానమున్నది తాకినట్టే ఉండె. కడోదర వచ్చిందాక నేను నోరిప్పలే. "ఏందే, సప్పుడు చేస్తలేవు?" అని అక్క ఎనుకకు తిరిగి అడిగితె, ఏడుపొచ్చినంత పనయింది నాకు. ఎందుకో ఏమో. గా దినంసంది గిన్నెల ముచ్చట జర తక్కువ తీసుడు షురూ చేసిన.

ఆమెకు గీ పట్టు మీద మనసెట్ల పుట్టిందో సుత చెప్పాలె. సిరిసిల్ల దిక్కు పిల్ల. వాళ్ళ నాయిన సాంచల కార్మికుడే. పెండ్లికి ఎర్ర పట్టు చీర తెచ్చిన్రు. గా చీరను ఆమె కండ్లల్ల పెట్టుకొని చూసుకున్నది, పండుగకు సుత కట్టుకోకపోయేది, ఏడ మాసిపోతదో అని. సూరత్ వచ్చి ఏండ్లు గడిచినంక, ఒకనాడు రాజమల్లు బావ అగ్గిపుల్ల పెట్టి పోగు చూసుడు ఎట్లనో నేర్పిండు. నేర్చుకున్న ఖుషీల పెట్టె తెరిచి, పెండ్లి చీర కొంగుకెళ్ళి పోగు లాగి కాల్చింది. నల్ల పూస అయి కూసున్నది. సూరత్‌ల నేసిన పాలిస్టరే అది. ఈడికెళ్ళి సిరిసిల్ల పోయి, ఆమె మీదికెక్కి, మల్ల ఆమెతోనే ఈడికి వచ్చింది. అప్పుడు మేమంతా పడి పడి నవ్వినం, ఆమె సుత నవ్వింది. రాత్రి మాత్రం నాతోని, "నేను పట్టు కట్టుకొని పెండ్లి చేసుకున్న అనుకున్ననే ఇన్నేండ్లు" అన్నది. ఆ ఎన్కనే రుమాళ్ళు షురూ అయినయి. చీరంటే మనకందని ముచ్చట. గింత ముక్కైతె అందుతది.

గట్ల బాగనే నడుస్తుండె. ఒకనాడు నా కండ్లు మసకలయితున్నయని ఇద్దరం అఠ్వా దిక్కు కండ్ల డాక్టర్ కాడికి పోయినం. అక్క మెడల పిట్టలది. మా ముంగట కుర్చీల ఒక సేఠానీ కూసున్నది, మంచి మనిషే పాపం, మొఖంల నవ్వున్నది. అక్క దిక్కు చూసుకుంట చూసుకుంట, లేచి వచ్చి రుమాలు మూల పట్టుకున్నది. "అరే, ఇది నాదే! ఇగో, గీ మూలకు కాఫీ మరక. ఎంత కడిగినా పోలే, గందుకే తీసేసిన" అన్నది గుజరాతీల. మరక ఉండె నిజంగనే. అక్క మొఖం ఎర్రగయింది. ముడి ఇప్పబోయింది. గా సేఠానీ అక్క చేయి పట్టుకొని ఆపి, "వద్దు వద్దు, నీకే మంచిగున్నది బెన్, ఉంచుకో" అన్నది.

ఉంచుకో అంట! మా అక్క తన మూతగిన్నె ఇచ్చి తెచ్చుకున్నదానికి, ఆమె ఉంచుకో అనుడేంది? నా నోటి దాక వచ్చింది, అక్క నా తొడ గిల్లి ఆపింది. సేఠానీ తప్పు సుత ఏం లేదనుకో, మర్యాదగనే అన్నది. గని అక్క ఇంటికొచ్చి రుమాళ్ళన్ని మంచం మీద పరిచింది. ఒకదాన్ని ముక్కుకాడ పెట్టుకొని, "చూడు ప్రమీలా, ఎన్నిసార్లు తడిపినా గీ సెంటు వాసన పోదు. ఇది ఇంకొకామె మెడ వాసన" అన్నది. "అన్ని ఎవలియో ఒకలియే. నాకు ఎవల మెడకు తాకనిది ఒక్కటి కావాలె. మొదలు నా మెడకే తాకాలె. ఒక్కటి చాలు."

నేను రుమాళ్ళు ఒక్కొక్కటి మడత పెట్టుకుంట కూసున్న.

గా దినం పొద్దూకినంక బావ డ్యూటీకెళ్ళి రాంగనే అడిగింది. "నాకు ఒక్క పట్టు రుమాలు నేసియ్యి. ఇన్నేండ్లల్ల లోకానికంత నేసినవ్, నాకు ఒక్కటి నెయ్యి" అని. బావ నీళ్ళు తాగుతున్న చెంబు కింద పెట్టి, "పాలిస్టర్ సాంచ మీద పట్టా? మతి ఉండే మాట్లాడుతున్నవా?" అన్నడు. అన్నడు గని ఆలోచన పడ్డట్టే కొట్టింది నాకు.

ఎందుకంటే, బావ చేసే కారఖానల పాత సాంచలన్ని తీసేస్తున్నరు. సేఠ్ కొత్తగ నీళ్ళ మిషిన్లు పెడుతుండు. గవి పోగును నీళ్ళ పిచికారీతోని ఇసిరికొడుతయి. పాలిస్టర్‌కు నీళ్ళంటే ఫరక్ పడదు, అంటది ఆరుతది. పట్టు గా నీళ్ళకు ఆగదు. దీపావళి ఎన్క పాత సాంచలు పాత ఇనుము కొనే భంగారోడు ఎత్తుకపోతడు. అంటే నేస్తే గిప్పుడే నెయ్యాలె, లేదంటే బావ చేతిమీద ఇగ ఎన్నటికి పట్టు పుట్టది. గిది ఆయనకు ఎరుకే. అక్కకు సుత ఎరుకే. అడగనీకి ఆమె ఎన్నుకున్న దినం గట్లాంటిది.

బావకు సచిన్ దిక్కు ఒక దోస్తున్నడు. వాళ్ళ కారఖానల పట్టు దుపట్టాలు నేస్తరు. నిలువు పోగు చుట్టిన భీము అయిపోవచ్చినప్పుడు కొసకు జరంత మిగులుతది, ఎందుకు పనికిరాదని కోసి పడేస్తరు. గా కొస భీమును అడుక్కొని, టెంపోల ఏసుకొని తెచ్చిండు బావ. అడ్డపోగుకు జర పట్టుదారం సుత ఇచ్చిండు గా దోస్తు, దేవుడు చల్లగ చూడాలె ఆయన్ని. భీముకు రెండు పక్కల అంచు పోగులు మాత్రం పాలిస్టర్‌వే. అంచుకాడ పట్టు ఊకె తెగుతదని గట్ల పెట్టుకుంటరంట.

సేఠ్‌ను అడిగితే నవ్విండు. "ఎట్లైనా భంగార్‌కు పోయే సాంచనే గదా రాజ్‌మల్, నీ ఇష్టం" అన్నడు. కరెంటు సెలవు దినం, కారఖానల ఎవలు లేనప్పుడు బావ, అక్క ఇద్దరు పోయి కూసున్నరు. సాంచ మీదున్న పాత పోగుల కొసలకు కొత్త పట్టు పోగుల కొసలు ఒక్కొక్కటి మెలేసి కలపాలె. అతుకుడంటం మేము. గిది మా ఇండ్లల్ల ఆలుమగలు ఎదురుబొదురు కూసొని చేసే పని. మా అత్తమామలు గట్లనే చేస్తుండిరి. సూరత్‌ల అతకనీకి ఏరే మనుషులుంటరు, గందుకే బావ, అక్క ఎన్నడు గట్ల కూసున్నోళ్ళు కాదు. నేను సద్ది పట్టుకపోయిన. ఇద్దరు నెత్తులు ఒంచుకొని పోగులు కలుపుతున్నరు. అక్క నోట్ల ఏదో కూనిరాగం. బావ మీసం కింద నవ్వు. అన్నం తినుమంటే, "నువ్వు ఆడ పెట్టి పో" అన్నరు ఇద్దరొక్కసారే. నేనేం అడ్డమొచ్చిన్నో నాకైతె తెల్వదు, పెట్టి వచ్చిన.

నేసుడు అంత అల్కగ కాలే. సాంచ దబదబ కొడితె పట్టు పోగు టపటప తెగుతది. బావ సాంచ బెల్టు వదులు చేసి, సాంచ మీది నూనె చుక్క పడకుంట పాత బనీన్లు చుట్టి, తెగిన కాడల్లా ఆపి ముడేసుకుంట, నోటికొచ్చినట్టు తిట్టుకుంట నేసిండు. కోసి తెచ్చి అక్క చేతిల పెట్టిండు. మీగడ రంగు. గజమున్నర ఉంటదేమో. అక్క చేతులు తుడుచుకొని, తీసుకొని, ముందు పోగు లాగి కాల్చింది. ఇల్లంతా వెంట్రుకల కంపు. కండ్లల్ల నీళ్ళు పెట్టుకొని, "అసలుది" అన్నది. బావ ఇంకో దిక్కు మొఖం పెట్టుకొని, "నకిలీది నేస్తనా నీకు?" అన్నడు. గంత ఖుషీగ మా ఇంట్ల ఎవలన్న ఉండంగ నేను చూడలే.

కోసిన రెండు కొసలకు సన్నగ చుట్టి కుట్టుకుంట కూసున్నది అక్క, గా ఫారిన్ రుమాళ్ళకున్నట్టే. రాళ్ళ పని పక్కకు పెట్టింది. మా దిక్కు చూస్తలేదు, పిలిస్తె పలుకుతలేదు. కుట్టుడయినంక నేను, "ఇగ ఏసుకొని సూపియ్యి అక్కా" అన్న. "ఇప్పుడే కాదే" అన్నది. గుడ్డ గరుకుగ ఉండె. కాగితం లెక్క కరకర అంటుండె. పట్టుపురుగు పెట్టిన జిగురు పోగు మీద అట్లనే ఉంటదంట, అది పోతెనే మెత్తగయితదంట. "మొదటిపాలి ఏసుకున్నప్పుడే మంచిగ తాకాలె. మెత్తగైనంక ఏసుకుంట" అన్నది. కుంకుడు నురగల నానబెట్టింది, ఏం ఫరక్ పడలే. ఉడుకబెడ్దామంటే భయం. సచిన్ దోస్తును అడిగితె, "గుడ్డ మా కాడికెళ్ళి బయటికి పోతది, ఎట్ల మెత్తగ చేస్తరో మాకు ఎరుకలేదు" అన్నడు. మేమా తరతరాలసంది నూలోళ్ళం, పాలిస్టరోళ్ళం. పట్టు సంగతి మాకెవలు చెప్పిన్రు?

అప్పుడు లేచిండు మా ఆయన. సురేశ్ పల్సానల రంగుల మిల్లుల చేస్తడు. "గింత దానికి పరేషాన్ ఎందుకు వదినె? మా మిల్లుకు వచ్చే గుడ్డంతా గిట్ల గరుకుదే. దినాం మేము చేసేదే గది. కాస్టిక్ సోడా ఏసిన మరుగు నీళ్ళల్ల తిప్పితె పట్టు లెక్క మెత్తగయి వస్తది. నాకియ్యి, నేను చేసుకొస్త" అన్నడు. నిజమే, ఆయన దినాం చేసేదే. పాలిస్టర్ పైపొర కాస్టిక్‌ల అరుగుతది, అరిగి మెత్తగయితది. సూరత్ చీరలకు గా నునుపు గట్లనే వస్తది. అక్క రుమాలును మంచి బట్టల చుట్టి, సురేశ్ చేతిల పెట్టి, "పైలం సురేశ్" అన్నది. "నా పానం లెక్క చూసుకుంట వదినె" అన్నడు. చూసుకున్నడు సుత. ఏరే గుడ్డలల్ల కలవొద్దని కంతల కంతల జాలి సంచిల ఏసి, మూతి కట్టి, తన చేతితోనే డ్రమ్ముల ఏసిండు.

గా నడుమనే భంగారోని లారీ వచ్చి సాంచలన్ని ఎత్తుకపోయింది.

మరునాడు నేను అక్కోళ్ళింట్ల ఉండంగ సురేశ్ డ్యూటీకెళ్ళి వచ్చి గుమ్మంల నిలబడ్డడు. హెల్మెట్ తీస్తలేడు. "ఏందయ్యా, లోపటికి రావా?" అన్న. "వదినె ఉన్నదా?" అన్నడు. అక్క అప్పుడే రొట్టె పీటకాడికెళ్ళి లేచి, చేతులు కడుక్కొని, నవ్వుకుంట వచ్చింది. బావ సుత డ్యూటీకెళ్ళి వచ్చి చాయ తాగుతున్నడు. సురేశ్ జేబులకెళ్ళి జాలి సంచి తీసి అక్క చేతిల పెట్టిండు. అక్క మూతి ఇప్పింది. లోపట రెండు పోగుల కట్టలు ఉన్నయి, రెండు దారాలంత. మెత్తగ, మెరుసుకుంట. రెండు దిక్కుల పాలిస్టర్ అంచులు. నడుమ ఏం లేదు.

"ఏది?" అన్నది అక్క.

"గంతే వదినె" అన్నడు సురేశ్. "డ్రమ్ము తెరిచి చూస్తె గంతే ఉన్నది. డ్రమ్ములకు చేయి పెట్టి దేవులాడిన. నీళ్ళల్ల కరిగిపోయింది. మా మాస్టర్ చెప్పిండు, పట్టుకు కాస్టిక్ తాకొద్దంట. నాకు తెల్వదు వదినె. ఒట్టు, నాకు తెల్వదు."

పాలిస్టర్‌ను పట్టు లెక్క చేసే మందు పట్టునే మింగింది. వెంట్రుక లెక్క కాలేది వెంట్రుక లెక్కనే కరుగుతదని మాలో ఒక్కలకన్న తోచలే. నేను సురేశ్ మీద పడ్డ. "నీ నోట్ల మన్నువడ, పెద్ద మొనగానివై తీసుకపోతివి, అడిగి చావొద్దా ఎవన్నన్న!" అని చేతికందిన చాట ఇసిరికొట్టిన. చాట పోయి తలుపుకు తాకింది. అక్క నన్ను ఆపింది. "వాన్నెందుకు తిడుతవే? మెత్తగ కావాలనే గద ఏసిండు. రా సురేశ్, హెల్మెట్ తియ్యి, రొట్టెలు వేడిగున్నయి" అన్నది. ఆమెనే వడ్డించింది. సురేశ్ తినలే, కంచం ముంగట పెట్టుకొని ఏడ్చిండు. గంత మొగోడు ఎక్కెక్కి ఏడుస్తుంటె, "ఊకో బిడ్డా, గుడ్డనే గదా" అని ఈమె వాని ఈపు నిమురుతది. నాకు పానం తరుక్కపోయింది. ఏడ్వాల్సినామె ఏడుస్తలేదు.

బావ చాయ చల్లారి తొరక కట్టింది. మిల్లు మీద కోపం చేస్తడా, తమ్ముని మీద చేస్తడా అని నేను చూస్తున్న. ఆయన గా రెండు అంచులను చేతిల పట్టుకొని చూస్తున్నడు, గంతే.

నేనే ఉండబట్టలేక, "మల్ల నేయిద్దాం అక్కా. బావ దోస్తును మల్ల అడుగుదాం" అన్న. అన్నంకనే యాదికొచ్చింది, సాంచ ఏడున్నది? కారఖానల నీళ్ళ మిషిన్లు బిగిస్తున్నరు. అక్క నా దిక్కు చూసి తల అడ్డంగ ఊపింది. రొట్టెల గిన్నె మీద మూత పెట్టింది. పొయ్యి బందు చేసింది. ఇగ చేయనీకి పనేం లేదని తెలిసినట్టు నట్టింట్ల నిలబడ్డది.

"ఒక్కపాలన్న ఏసుకోలే ప్రమీలా" అన్నది. "నువ్వు ఏసుకోమన్నవ్. గరుకుగున్నదని నేనే ఏసుకోలే. నీ చేతులకు తాకింది. ఈయనకు తాకింది, సురేశ్‌కు తాకింది. నా మెడకే తాకలే."

రాజమల్లు బావ లేచిండు. మా ముంగట ఆయన అక్కతోని సరసంగ ఒక్క మాట మాట్లాడినోడు కాదు, పక్కపొంటి కూసున్నోడు సుత కాదు. తమ్ముడున్నడు, నేనున్న, తలుపు బార్లా తెరిచి ఉన్నది, లైన్లకెళ్ళి మనుషులు పోతున్నరు. గవేం చూడలే. అక్క ఎనుక నిలబడి, జుట్టు పక్కకు జరిపి, రుమాలు ఉండాల్సిన కాడ మెడ మీద తన రెండు చేతులు పెట్టిండు. "గిట్ల ఉండేది అది" అన్నడు. "గిట్లనే ఉండేది. నేసినోన్ని, నాకెరుక."

అప్పుడేడ్చింది మా అక్క. గోడ అవతలి నా ఇల్లు సుత దద్దరిల్లేటట్టు ఏడ్చింది. బావ చేతులు తీయలే. నేను సురేశ్ రెక్క పట్టుకొని బయటికి తీసుకొచ్చి, తలుపు దగ్గరికేసిన.